కళాశాల క్రీడాకారిణులు, ఆహార రుగ్మతలు: యాభై ఏళ్ల చరిత్ర చెప్పే పాఠం



ఆకలి లేకపోవడం వేరు, ఆకలిని అణచుకోవడం వేరు. ఆయుర్వేదం అరోచకమని పిలిచినది మొదటిది. అన్నం చూస్తేనే వెగటు పుట్టే స్థితి. నేటి వైద్యం ఆహార రుగ్మత అంటున్నది ఎక్కువగా రెండవదానికి దగ్గర. ఆకలి ఉంటుంది, ఎదుట కంచమూ ఉంటుంది. కాని బరువు పెరుగుతానేమోనన్న భయం చేతిని వెనక్కి లాగుతుంది. ఆ భయం కొందరిలో పస్తులుగా, కొందరిలో అతిగా తిని వెంటనే వాంతి చేసుకోవడంగా, మరికొందరిలో తిన్నదానికి శిక్షగా గంటల తరబడి వ్యాయామం చేయడంగా బయటపడుతుంది.

మన ఉపవాసాలకూ దీనికీ పోలిక లేదు. ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ ఉంటుంది. కార్తిక సోమవారం నక్షత్ర దర్శనంతో ముగుస్తుంది. ఈ రుగ్మతకు పారణ లేదు. అదే దీనిలోని ప్రమాదం.

ఈ రుగ్మత ఆటల్లో ఉన్న అమ్మాయిలలో ఎందుకు ఎక్కువగా కనిపిస్తుంది? రాకుండా నివారించగలమా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి అమెరికా కళాశాలల క్రీడా చరిత్ర బాగా ఉపకరిస్తుంది. ఒక తరం కాలంలో లక్షల మంది యువతులు అక్కడ ఆటల్లోకి వచ్చారు. వారి శరీరాలకు ఏం జరిగిందో వైద్యులు ఓపికగా పరిశీలించి రాసిపెట్టారు. ఆ చరిత్ర సారాంశాన్ని ముందే మనవి చేస్తాను. ఆడపిల్లకు నెలసరి ఆగిపోవడం కఠోర శిక్షణకు గుర్తు కాదు. తిండి చాలడం లేదని శరీరం పెట్టే మొర. ఈ మాట వైద్యశాస్త్రానికి స్పష్టపడడానికే దశాబ్దాలు పట్టింది. స్పష్టపడిన తరువాత కూడా ఉపన్యాసాలతో రుగ్మత తగ్గలేదు. చుట్టూ ఉన్న పెద్దల తీరు మారినచోట, సాటి క్రీడాకారిణులే చొరవ తీసుకున్నచోట తగ్గింది.

వ్యాధికి పేరు వచ్చిన కాలం

1689లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మోర్టన్ క్షయ రోగాల గురించి రాసిన గ్రంథంలో, జ్వరమూ దగ్గూ లేకుండానే చిక్కి శల్యమైన ఒక యువతిని వర్ణించాడు. ఇటువంటి రోగానికి వైద్య సాహిత్యంలో దొరికే తొలి వర్ణనలలో అది ఒకటి. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఈ స్థితిని వివరించారు. ‘అనోరెక్సియా నెర్వోసా’ అన్న పేరు గల్ పెట్టినదే. అతిగా తిని కక్కుకునే రూపానికి ‘బులీమియా నెర్వోసా’ అని పేరు పెట్టి వేరుగా గుర్తించినది జెరాల్డ్ రస్సెల్. అది 1979 నాటి మాట.

గల్ రాసిన వ్యాసంలో ఒక పరిశీలన ఈ చరిత్ర మొత్తానికీ కీలకమైనది. అంతగా కృశించిన రోగి నీరసించి మంచం పట్టలేదని, ఒకచోట నిలకడగా ఉండక అటూ ఇటూ తిరుగుతూనే ఉందని, అంతటి శ్రమకు ఆ శరీరం ఎలా ఓర్చుకుంటున్నదో అంతుపట్టలేదని ఆయన ఆశ్చర్యపడ్డాడు. తిండి తగ్గడం, కదలిక పెరగడం ఒకే రోగంలో జంటగా ఉండగలవని ఆ నాడే తెలిసింది. అయితే ఆ కాలపు రోగులు ఇళ్లలో ఉండే ఆడపిల్లలు. వారు విరామం లేకుండా తిరుగుతుంటే తల్లిదండ్రులు ఆందోళన చెందారు. నూరేళ్ల తరువాత అదే లక్షణం మైదానంలో కనిపించినప్పుడు చుట్టూ ఉన్నవారు చప్పట్లు కొట్టారు. రుగ్మత క్రమశిక్షణ వేషం వేసుకున్నది అక్కడే.

1972: తలుపులు తెరుచుకున్న సంవత్సరం

1972 జూన్ 23న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా చట్టంలో ‘టైటిల్ నైన్’ అనే భాగం ఉంది. ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్ష ఉండరాదన్నది దాని సారం. అందులో ఆటల ప్రస్తావనే లేదు. అయినా ఆ చట్టం వల్ల అత్యధికంగా మారిపోయిన రంగాలలో క్రీడారంగం ఒకటి. అప్పటికి ఆ దేశపు ఉన్నత పాఠశాలల్లో ఆటలాడే బాలికలు 3 లక్షలకు లోపే. తరువాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య 30 లక్షలు దాటింది. కళాశాలల్లో సుమారు 30,000 మంది ఉండేవారు. నేడు 2 లక్షలకు పైగా ఉన్నారు.

ఇది నిస్సందేహంగా మంచి మార్పు. వ్యాయామం గుండెకు, ఎముకకు, మనసుకు చేసే మేలు చిన్నది కాదు. ఈ వ్యాసంలో ముందుకు చదివే కొద్దీ ‘అయితే మా అమ్మాయిని ఆటలు మాన్పిస్తే సరి’ అని ఎవరికైనా అనిపిస్తే, అది నా ఉద్దేశం కాదని ఇక్కడే విన్నవించుకుంటున్నాను. ముప్పు ఆటలో లేదు. ఆట చుట్టూ అల్లుకున్న నమ్మకాల్లో ఉంది.

ఆ నమ్మకాలు ఎలా వచ్చాయి? అదే 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ల ఓల్గా కోర్బుట్ ప్రపంచాన్ని ముగ్ధం చేసింది. 1976లో మాంట్రియల్‌లో 14 ఏళ్ల నాదియా కొమనేచి పదికి పది సాధించింది. ఆ స్కోరు చూపించే ఏర్పాటే లేక స్కోరు బోర్డు మీద 1.00 అని కనిపించింది. ఈ చిన్నారుల విజయాలతో జిమ్నాస్టిక్స్‌కు యౌవనం రాని శరీరమే ఆదర్శమన్న భావన బలపడింది. దూరపు పరుగుల్లో ‘బరువు తగ్గితే వేగం పెరుగుతుంది’ అన్న మాట మంత్రమైంది. వ్యాయామశాలలో అందరి ముందు బరువు తూచి, అంకె పైకి చదివే అలవాటు చాలాచోట్ల ఉండేది.

ఈ మంత్రం అంత సులభంగా ఎందుకు నాటుకుంది? అందులో కొంత నిజం కనిపిస్తుంది కనుక. తిండి తగ్గించిన అమ్మాయి తొలి వారాల్లో నిజంగానే కొంచెం వేగంగా పరుగెత్తవచ్చు. శిక్షకుడు మెచ్చుకుంటాడు, ఆమె ఇంకాస్త తగ్గిస్తుంది. ఆ తరువాత కండ కరుగుతుంది, రక్తం పలుచబడుతుంది, నిద్ర చెదురుతుంది, ఎముక బీటలు వారుతుంది. ఫలితం మొదట వచ్చి, ముప్పు తరువాత వస్తుంది కాబట్టి మెచ్చుకోలు అందరికీ గుర్తుంటుంది. గాయాన్ని మాత్రం దురదృష్టం ఖాతాలో వేస్తారు.

నెలసరి ఆగితే మంచిదేనా?

1970లలో, 1980లలో పరుగు పందేలలో పాల్గొనే యువతులలో చాలామందికి నెలల తరబడి నెలసరి రావడం లేదని వైద్యులు గమనించారు. దానిని ఒక రోగలక్షణంగా కాక, కఠిన శిక్షణ తెచ్చే సహజ ఫలితంగా చూసినవారే ఎక్కువ. ఆ యువతులలో కొందరికి అది ఒక వెసులుబాటుగా కూడా తోచింది.

హార్వర్డ్ శాస్త్రవేత్త రోజ్ ఫ్రిష్, తన సహచరి జానెట్ మెకార్థర్‌తో కలిసి 1974లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. రజస్వల కావడానికి శరీరంలో కనీసం 17 శాతం, నెలసరి క్రమంగా నిలవడానికి సుమారు 22 శాతం కొవ్వు అవసరమన్నది దాని సారాంశం. ఆ అంకెలు కచ్చితమైనవి కావని తరువాత తేలింది. అంతకంటే సన్నగా ఉండీ క్రమంగా నెలసరి వచ్చేవారు ఎందరో ఉన్నారు. కాని తిండికీ గర్భాశయానికీ ముడి ఉందని లోకానికి చాటిన ఘనత ఆమెదే.

అసలు కుదుపు 1984లో వచ్చింది. శరీరధర్మ శాస్త్రవేత్త బార్బరా డ్రింక్‌వాటర్, ఆమె సహచరులు నెలసరి ఆగిన 14 మంది క్రీడాకారిణులను, క్రమంగా నెలసరి వచ్చే మరో 14 మంది క్రీడాకారిణులతో పోల్చి చూశారు. ఇరువర్గాలూ కసరత్తు చేసేవారే. మొదటి వర్గపు సగటు వయసు దాదాపు 25 ఏళ్లు. వారి వెన్నెముక సాంద్రత మాత్రం 51 ఏళ్ల స్త్రీల స్థాయిలో ఉంది! వ్యాయామం ఎముకను గట్టిపరుస్తుంది గనుక క్రీడాకారిణుల ఎముకలకు ఢోకా లేదనుకున్న వైద్యలోకం ఉలిక్కిపడింది.

దీని వెనుక కారణం సులభంగానే అర్థమవుతుంది. మెదడు నుంచి వచ్చే సంకేతాలు మందగిస్తే అండాశయం ఈస్ట్రోజన్‌ను తయారు చేయదు. ఎముకను కాపాడే హార్మోను అదే. స్త్రీ తన జీవితకాలానికి సరిపడే ఎముకను కూడబెట్టుకునేది ఇరవైలు గడిచేలోపే. ఆ తరువాత అంతా ఖర్చే. సంపాదించవలసిన వయసులోనే ఖజానా ఖాళీ అయితే నడివయసులో తీసుకోవడానికి ఏముంటుంది? 1986లో అదే బృందం మరో ఫలితం ప్రకటించింది. నెలసరి తిరిగి వచ్చినవారిలో ఎముక సాంద్రత పెరిగింది. కాని పోయినదంతా తిరిగి రాలేదు. అందుకే ఈ విషయంలో చికిత్స కంటే నివారణ ముఖ్యమంటున్నాను. ఆలస్యమైతే మిగిలేది అరకొర ఫలితమే.

శ్రమ దోషమా, తిండి కొరతా?

ఇంకా ఒక సందేహం మిగిలింది. నెలసరిని ఆపుతున్నది వ్యాయామపు ఒత్తిడా, తిండి కొరతా? ఒహాయో విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ లౌక్స్ దీనిని ప్రయోగశాలలో తేల్చారు. యువతులతో కొన్ని రోజులు కఠినంగా వ్యాయామం చేయించి, ఖర్చయిన శక్తికి సరిపడా తిండి పెట్టినప్పుడు హార్మోన్ల లయ నిలబడింది. వ్యాయామం లేకపోయినా తిండి తగ్గించినప్పుడు ఆ లయ చెదిరింది. అంటే దోషం శ్రమది కాదు. శ్రమకు తగిన కూలి ఇవ్వకపోవడానిది. 2003లో వెలువడిన ఆమె పరిశోధన ఈ కొరత ప్రభావం 5 రోజుల్లోనే హార్మోన్లలో కనిపిస్తుందని చూపింది.

దీని నుంచి ‘శక్తి లభ్యత’ అనే భావన స్థిరపడింది. రోజూ తిన్న కెలోరీలలోంచి వ్యాయామానికి ఖర్చయినవి తీసివేసి, మిగిలిన దానిని కొవ్వు మినహా మిగతా శరీర బరువుతో భాగిస్తే వచ్చే అంకె అది. 45 ఉంటే సంతృప్తికరం. 30 కంటే తగ్గితే ప్రమాదపు అంచు. ఇది అందరికీ ఒకేచోట గీసిన గీత కాదని తరువాతి పరిశోధకులు చెప్పారు; అయినా దారి చూపే కొండగుర్తుగా పనికివస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 55 కిలోల అమ్మాయి. ఒంట్లో కొవ్వు 20 శాతం అనుకుంటే, కొవ్వు మినహా బరువు 44 కిలోలు. రోజుకు 1,900 కెలోరీలు తింటుంది. సాధనలో 700 ఖర్చవుతాయి. మిగిలినవి 1,200. వాటిని 44తో భాగిస్తే 27. గమనించండి: ఈ అమ్మాయి పస్తులుండడం లేదు. ఇంట్లో అక్కచెల్లెళ్లు తిన్నంతే తింటోంది. అయినా ప్రమాదపు అంచు దాటింది. ఆమెకు కావలసినవి సుమారు 2,680 కెలోరీలు. అంటే ఇంచుమించు మరో పూట భోజనమంత!

1992 నుంచి 1997 వరకు: పేర్లు, మరణాలు

1992లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలుపుపై నిపుణులు సమావేశమై ఈ చిక్కుముడికి ‘క్రీడాకారిణి త్రయం’ అని పేరు పెట్టారు. ఆహారపు అలవాట్లు చెడడం, నెలసరి ఆగడం, ఎముకలు గుల్లబారడం అన్నవి ఆ మూడు. అంతవరకు మొదటిది మానసిక వైద్యుడు, రెండవది స్త్రీల వైద్యురాలు, మూడవది ఎముకల వైద్యుడు విడివిడిగా చూసేవారు. మూడూ ఒకే తీగకు కాసిన కాయలని ఆ పేరు గుర్తుచేసింది. 1997లో ఆ సంస్థ అధికారిక ప్రకటన వెలువరించింది.

ఈ మధ్యలో ఒక మరణం ఆ దేశాన్ని కలచివేసింది. క్రిస్టీ హెన్రిచ్ కళాశాల జట్టు క్రీడాకారిణి కాదు. అమెరికా జాతీయ స్థాయి జిమ్నాస్టు. 1988 ఒలింపిక్స్ జట్టులో చోటు వెంట్రుకవాసిలో తప్పింది. 1989 ప్రపంచ పోటీల్లో అన్‌ఈవెన్ బార్స్‌పై నాలుగో స్థానం సాధించింది. బరువు తగ్గాలని ఒక న్యాయనిర్ణేత అన్న మాట ఆమె మనసులో నాటుకుపోయిందని ఆమె కథ రాసిన పత్రికలు పేర్కొన్నాయి. 1994 జూలై 26న, 22 ఏళ్ల వయసులో, అవయవాలు ఒక్కొక్కటిగా విఫలమై ఆమె మరణించింది. అనోరెక్సియా మానసిక రుగ్మతలలో ప్రాణాపాయం అత్యధికంగా ఉన్నవాటిలో ఒకటని వైద్యులకు తెలుసు. సామాన్యులకు తెలిసింది ఇటువంటి మరణాల వల్లనే. 1997 నుంచి జిమ్నాస్టిక్స్‌లో సీనియర్ అంతర్జాతీయ పోటీలకు కనీస వయసు 16 ఏళ్లుగా నిర్ణయించారు.

అదే 1997 చివరిలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు, అందరూ యువకులే, పోటీ బరువుకు దిగడానికి ఒంట్లోని నీరు బలవంతంగా తగ్గించుకుంటూ కొద్ది వారాల తేడాలో మరణించారు. కళాశాల క్రీడలను నిర్వహించే జాతీయ సంఘం, ఎన్‌సీఏఏ, నెలల వ్యవధిలోనే నిబంధనలు మార్చింది. ఆవిరి గదులు, రబ్బరు సూట్లు నిషేధించింది. ప్రతి క్రీడాకారుడికీ అంతకంటే తగ్గరాని బరువును ముందే నిర్ణయించే పద్ధతి తెచ్చింది. కుస్తీలో బరువు అన్నది నిబంధనల పుస్తకంలో ఉంది కనుక ఆ పుస్తకం మార్చగలిగారు. పరుగుల్లో, జిమ్నాస్టిక్స్‌లో, ఈతలో అమ్మాయిలపై ఉన్న ఒత్తిడి ఏ పుస్తకంలోనూ లేదు. అది ఒక మాటలో, ఒక చూపులో, ఒంటికి అతుక్కునే దుస్తుల్లో, సాటివారి కంచం వైపు చూసుకోవడంలో ఉంది. దానిని మార్చడం మరింత కష్టమైన పని.

నివారణ: ఏది పని చేసింది?

1999లో వెలువడిన ఒక ఎన్‌సీఏఏ అధ్యయనం 11 విశ్వవిద్యాలయాలకు చెందిన 1,445 మంది విద్యార్థి క్రీడాకారులను ప్రశ్నించింది. పూర్తి స్థాయి రోగ నిర్ధారణ అయినవారు కొద్దిమందే. కాని అమ్మాయిలలో 9.2 శాతం మందికి బులీమియాకు సంబంధించిన, పట్టించుకోదగిన లక్షణాలు ఉన్నాయి. అంటే రోగుల వెనుక రోగం వాకిట నిలబడిన పెద్ద గుంపు ఉన్నదన్నమాట. నివారణ ఎవరికోసమో ఈ లెక్క చెప్పింది.

మొదట్లో నివారణ అంటే ఒక నిపుణుడు వచ్చి వ్యాధి లక్షణాలు, దుష్ఫలితాలు వివరించి వెళ్లడమే. దానివల్ల జ్ఞానం పెరిగింది. నడవడిక పెద్దగా మారలేదు. వాంతి చేసుకునే పద్ధతులు, మాత్రల పేర్లు వర్ణిస్తే అవి కొత్తవారికి పాఠాలుగా మారే ప్రమాదం కూడా ఉంది. పొగాకు విషయంలో బొమ్మలు చూపి భయపెట్టవచ్చు. అప్పటికే భయంతో బాధపడుతున్న అమ్మాయికి మరో భయం మందు కాదు.

మార్పు మూడు చోట్ల కనిపించింది.

మొదటిది ఒరెగాన్ రాష్ట్రంలో. అక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డయాన్ ఇలియట్, లిన్ గోల్డ్‌బర్గ్ ‘అథీనా’ అనే కార్యక్రమం రూపొందించారు. ఉన్నత పాఠశాలల బాలికల జట్లలో, సాధన సమయంలోనే, 45 నిమిషాల చొప్పున 8 సమావేశాలు. చెప్పేది బయటి నిపుణులు కాదు. జట్టులోని తోటి అమ్మాయే, చేతిలో ఒక చిన్న పాఠ్యపుస్తకంతో. 18 పాఠశాలల్లో జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. బరువు తగ్గించే మాత్రల వాడకం ఆ జట్లలో తగ్గింది.

రెండవది టెక్సాస్‌లోని ట్రినిటీ విశ్వవిద్యాలయంలో. కెరొలిన్ బెకర్ అనే మనస్తత్వ ఆచార్యురాలు తన విశ్వవిద్యాలయపు క్రీడాకారిణులతోనే రెండు పద్ధతులను పోల్చి చూశారు. ఒక పద్ధతిలో అమ్మాయిలే ‘సన్నగా ఉండడమే అందం’ అన్న భావనకు వ్యతిరేకంగా వాదించాలి. నోటితో ఒకటి వాదిస్తూ మనసులో మరొకటి నమ్మడం మనిషికి ఇబ్బంది; ఆ ఇబ్బంది తీరడానికి క్రమంగా నమ్మకమే సడలుతుంది. ఎరిక్ స్టైస్ అనే శాస్త్రవేత్త అంతకుముందే ఈ సూత్రంపై కార్యక్రమం నిర్మించారు. రెండవ పద్ధతిలో ఆటకు ఎంత తిండి కావాలి, ఎంత నిద్ర కావాలి, త్రయం లక్షణాలేమిటి అని చర్చించుకుని, ఒక్కొక్కరూ తమ అలవాట్లలో చిన్న చిన్న మంచి మార్పులు ఎంచుకుంటారు. రెండింటినీ నడిపింది శిక్షణ పొందిన సాటి క్రీడాకారిణులే, సమావేశాలు మూడే. 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం రెండు పద్ధతులూ ఉపకరించాయి. బులీమియా లక్షణాలు, ఒంటి తీరు గురించిన బెంగ ఏడాది తరువాత కూడా తక్కువగానే ఉన్నాయి. పరిశోధకులు ఊహించనిది మరొకటి జరిగింది. తమకు త్రయం లక్షణాలు ఉన్నాయేమోనని కొందరు అమ్మాయిలు తమంతట తామే వైద్యుల దగ్గరకు వెళ్లారు. ఇన్ని దశాబ్దాలు దాచిన లక్షణాన్ని బయటపెట్టడానికి వారికి కావలసింది సిగ్గుపడనవసరం లేదన్న ఒక స్నేహితురాలి మాటే.

మూడవది నార్వేలో; ఇది కళాశాలకు ముందరి వయసు పిల్లలది. యోరున్ సుంద్‌గోట్-బోర్గెన్ వంటి పరిశోధకులు అక్కడ చాలా ఏళ్లుగా ఈ రంగంలో పనిచేస్తున్నారు. ఆ దేశంలోని 16 క్రీడా ఉన్నత పాఠశాలలను చీటీలు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో ఏడాది పాటు ఆత్మవిశ్వాసం, మనోబలం, పోషణ అంశాలపై పిల్లలకు శిక్షణ ఇచ్చారు. శిక్షకులకు కూడా వేరుగా పాఠాలు చెప్పారు. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందిన పాఠశాలల బాలికలలో కొత్తగా ఆహార రుగ్మత వచ్చినవారు ఒక్కరూ లేరు. మిగతా పాఠశాలల్లో 13 శాతం మందికి వచ్చింది. వైద్యంలో ఇంత స్పష్టమైన తేడా చూపే నివారణలు అరుదు.

అదే యంత్రం, వేరే ఉద్దేశం

2007లో త్రయం నిర్వచనాన్ని సవరించారు. మొదటి అంశం ‘ఆహారపు అలవాట్లు చెడడం’ నుంచి ‘శక్తి లభ్యత తగ్గడం’గా మారింది. కావాలని తగ్గించుకున్నా, తెలియక తక్కువ తిన్నా, దొరకక తినలేకపోయినా శరీరానికి ఒకటేనని ఒప్పుకోవడమే ఈ మార్పు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు ‘క్రీడలో సాపేక్ష శక్తి కొరత’ అన్న విస్తృతమైన పేరు తెచ్చి, గుండె, రోగనిరోధక శక్తి, మానసిక స్థితి అన్నింటినీ అందులో చేర్చారు. పురుషులను కూడా చేర్చారు.

జ్ఞానం పెరిగినంత మాత్రాన ఆచరణ మారదని 2021 గుర్తుచేసింది. ఒరెగాన్ విశ్వవిద్యాలయపు ట్రాక్ జట్టులో ఉన్న ఆరుగురు యువతులు, తమ శరీరంలోని కొవ్వు శాతాన్ని డెక్సా యంత్రంతో పదే పదే కొలిచేవారని, దానివల్ల తమకు ఆహార రుగ్మతల ముప్పు ఏర్పడిందని ఒక పత్రికకు వివరించారు. డెక్సా ఎముకల సాంద్రత కొలిచే యంత్రం. క్రీడాకారిణుల ఎముకలు కాపాడడానికి వైద్యులు ఉపయోగించే సాధనమే అక్కడ వారిలో కొవ్వు భయానికి కారణమైందన్నమాట. కొలత వల్ల మేలా కీడా అన్నది ఎవరు, ఎందుకు కొలుస్తున్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

మన ఇళ్లకు ఈ చరిత్ర ఎందుకు?

మన పిల్లలు క్రీడా పాఠశాలల్లో, కళాశాల జట్లలో, ఉద్యోగాల కోసం పరుగు పరీక్షల సాధనలో ఉన్నారు. పై చదువులకు అమెరికా వెళ్లినవారూ ఉన్నారు. మన దగ్గర శక్తి కొరత రెండు వైపుల నుంచి వస్తుంది: సన్నబడాలన్న కోరిక ఒకటి, సరైన తిండి అందకపోవడం మరొకటి. 1984 లాస్ ఏంజలిస్ ఒలింపిక్స్‌లో తాను గంజి, ఊరగాయతో సరిపెట్టుకోవలసి వచ్చిందని పి.టి. ఉష చెప్పారు, ఆ ఏడాది ఆమెకు పతకం సెకనులో నూరో వంతు తేడాతో చేజారింది. ఇక 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. రక్తం తక్కువైన ఒంటితో పరుగెత్తే అమ్మాయి దగ్గర బరువు తగ్గమనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

కాబట్టి తల్లిదండ్రులకు, వ్యాయామ ఉపాధ్యాయులకు, శిక్షకులకు, క్రీడాకారిణులకు నా మనవి ఇది.

1. నెలసరి గురించి అడగండి. వరుసగా మూడు నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా వైద్యులకు చూపించండి. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పీసీఓఎస్ వంటి ఇతర కారణాలు కావని తేల్చడం వారి పని. మగ శిక్షకుడికి చెప్పడానికి పిల్ల వెనుకాడుతుంది. తల్లి గాని, ఒక ఉపాధ్యాయురాలు గాని ఆ బాధ్యత తీసుకోవాలి.

2. మాత్రలతో నెలసరి రప్పించి సమస్య తీరిందనుకోకండి. గర్భనిరోధక మాత్రలతో వచ్చే రక్తస్రావం లోపలి కొరతను కప్పిపెడుతుంది; ఎముకను కాపాడదు. మొదటి మందు తిండి, తగినంత విశ్రాంతి.

3. పదే పదే కాలి ఎముకలో నొప్పి, బీటలు, ఎప్పుడూ చలిగా అనిపించడం, తల తిరగడం, జుట్టు రాలడం, భోజనం కాగానే స్నానాల గదికి వెళ్లడం, దవడలు ఉబ్బడం, పళ్ల పింగాణీ అరగడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, గాయమైనా సాధన ఆపలేకపోవడం. ఇవి కనిపిస్తే నింద వద్దు. పక్కన కూర్చుని మాట్లాడండి.

4. అందరి ముందు బరువు తూచకండి. ‘లావయ్యావు’ అనకండి, ‘సన్నబడ్డావు, బాగున్నావు’ అని కూడా అనకండి. పెళ్లిళ్లలో, పేరంటాలలో మనం అలవాటుగా పలికే ఈ రెండో మాట అనారోగ్యానికి కితాబు ఇచ్చినట్లు కావచ్చు.

5. సాధన ఉన్న రోజు మూడు పూటల భోజనం చాలదు. సాధనకు ముందు అరటిపండు లేదా రాగిజావ, తరువాత గంటలోపు గుడ్డు లేదా పెరుగన్నం, మధ్యలో వేరుశనగ ఉండ, గ్లాసు పాలు. ఖరీదైన పొడులు అవసరం లేదు.

6. జట్టులో పెద్ద అమ్మాయిలకు ఈ విషయాలు నేర్పి, చిన్నవారితో వారినే మాట్లాడనివ్వండి. వారి మాటకు ఉన్న బలం మన మాటకు లేదు.

బాగా చిక్కిపోయిన పిల్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెట్టడం కూడా ప్రమాదమే. ఆసుపత్రి పర్యవేక్షణలో క్రమంగా పెంచాలి. స్పృహ తప్పడం, నాడి మరీ నెమ్మదించడం, ఆగని వాంతులు అత్యవసర స్థితులు. మనసు కుంగిపోయి ప్రాణం మీద విరక్తి మాటలు వస్తుంటే ప్రభుత్వ ‘టెలీ మానస్’ సహాయవాణి 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

1972లో ఒక చట్టం అమ్మాయిలకు మైదానం ఇచ్చింది. ఆ మైదానంలో ఆడేందుకు కావలసిన అన్నం, సంకోచం లేకుండా చెప్పుకునే చోటు వారికి దక్కాలని ఒప్పించడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. మన పిల్లలు ఇప్పుడు ఆ మైదానాల్లోకి అడుగుపెడుతున్నారు. ఆ రెండూ మొదటి రోజు నుంచే వారికి అందించే అవకాశం మనకు ఉంది. ఈ రాత్రి మీ అమ్మాయి సాధన ముగించుకుని ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని సెకన్లలో పరుగెత్తావని అడగడానికి ముందు, ఏం తిన్నావమ్మా అని అడగండి.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో మీ వైద్యుల సలహాయే ప్రమాణం. స్వస్తి.